పద్దెనిమిది అడుగులు

బాతినా తీరాన మా ఊళ్ళో
తొలి డీజిల్ పంపు తెచ్చినవాడు మా నాన్న.
ఈ మాట చెప్పకుండా పాట సంగతి చెప్పలేను.

అంతకు ముందు
తెల్లారకుండానే మంజూర్ మూలిగేదట.
రేగుచెక్క గిలక, మనిషంత ఎత్తు.
ఇరుసుకు నూనె రాసేవాళ్ళు కాదు, కావాలనే.
కీచు వినబడుతోందంటే ఎద్దు నడుస్తున్నట్టు,
కాలవ తడుస్తున్నట్టు,
మంచం దిగకుండానే లెక్క కట్టుకోవచ్చు.
ఏ గిలక ఎవరిదో ఆడవాళ్ళు గొంతునిబట్టి చెప్పేవాళ్ళు:
"అది షైఖాన్‌ది, జలుబు చేసింది.
ఇది మర్హూన్‌ది. కొత్త పెళ్ళికొడుకు కదా,
పాపం ఎద్దును తొందరపెడుతున్నాడు."

నేను పుట్టేసరికి డబ్ డబ్ డబ్.
మేం పిల్లలం దానికీ గంతులేశాం, నిజం.
పొగగొట్టం మీద డబ్బామూత ఎగిరిపడుతుంటే
అదే మాకు డోలు.
నిమ్మచెట్లు కొన్నేళ్ళు విరగకాశాయి.
తర్వాత ఆకుల అంచులు మాడాయి.
నేల కిందినుంచి సముద్రం
అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చింది.
దాన్ని పిలిచిన చప్పుడు మాదే.

మొన్న హుమైద్ పెళ్ళికి
సొహార్ వైపునుంచి మేళం దిగింది.
మగవాళ్ళు ఎదురెదురుగా రెండు బారులు.
కత్తి పైకెగిరి, వెన్నెల్లో ఓ చుట్టు తిరిగి,
పిడి వైపే చేతిలోకి దిగింది.
పెద్ద రహ్మానీ పొట్టలోంచి మాట్లాడితే
చిన్న కాసిర్ ఎదురు మాట్లాడింది.
ఆ పైన లివా ఆట. సుర్నాయ్ ఊదే ముసలాయన
బుగ్గలు రెండూ దానిమ్మపళ్ళు.
వాళ్ళ తాతలు దాటొచ్చిన నీళ్ళకు అవతలి మాటలు
అర్థం తెలియకపోయినా
అందరి నోళ్ళలోనూ తిరిగాయి.

అప్పుడు జువైనా అమ్మమ్మ
ముక్కుమీది నీలి ముసుగు సర్దుకుని
"అన్నీ బాగున్నాయి. నీళ్ళపాటేదీ?" అంది.

మేళగాళ్ళు మొహాలు చూసుకున్నారు.
మర్హూన్ తాత ఒక్కడికే వచ్చు.
లేచాడు. మొదటి మాట ఎత్తి, అక్కడే దించేశాడు.
"శ్రుతి లేదురా. గిలక లేకుండా ఎక్కడ పట్టుకోను?"

గిలక మేకల కొట్టంలో ఉంది.
దాచింది మా నాన్నే. ఎందుకని ఎవరం అడగలేదు.
దాని ఆకుల మధ్య ఓ మేకపిల్ల నిద్రపోతోంది.
దాన్ని లేపి, గిలకను నలుగురం మోసుకొచ్చి ఇరుసు ఎక్కించాం.
తోలుబాన ఏనాడో చెదలపాలు,
నీలం ప్లాస్టిక్ పీపా కట్టాం.
ఎద్దు లేదు.
పగ్గం మా నడుములకే చుట్టుకున్నాం,
పెళ్ళికొడుకు కూడా, అత్తరు బట్టలతోనే.

పల్లంలోకి పద్దెనిమిది అడుగులు.
వెనక్కి పద్దెనిమిది.
గిలక ముందు దగ్గింది, ఆనక మూలిగింది,
ఆ మూలుగు అంచు పట్టుకుని తాత పైకి లేచాడు:
"దిగు నా ఎర్రనోడా, దిగు,
నీ నీడ నీకంటే ముందే నీళ్ళు తాగింది..."
డోళ్ళను ఎవరూ రమ్మనలేదు, వచ్చాయి.

మూడో తిరుగులో తెలిసింది నాకు.
ప్రతి పెళ్ళిలో మేం ఆడే ఆట,
ముందుకు వంగడం, ఆగడం, భుజం జార్చి వెనక్కి నడవడం,
మనిషి కనిపెట్టింది కాదు.
ఎద్దుది.

మా నాన్న కుర్చీలోంచి లేవలేదు.
కాలి బొటనవేలు మాత్రం
ఇసుకలో లెక్క పెడుతోంది.

పీపా పైకొచ్చింది, సగానికి తక్కువే.
జువైనా అమ్మమ్మ దోసిలి పట్టి
నాలుక మీద వేసుకుంది. ఏమీ అనలేదు.
మిగిలింది మోసుకెళ్ళి
మోడైన నిమ్మచెట్టు మొదట్లో పోసి,
జారిన పాదుగట్టు కాలితో ఎగదోసి,
మా వైపు తిరిగింది.
"నిలబడ్డారేం? ఇంకొకటి లాగండి."